పదిహేడో పెట్టె, పద్దెనిమిదో పెట్టె

క్యాన్సర్ అని చెప్పిన రోజున హైమవతి కంటతడి పెట్టలేదు. పెద్దపేగు చివర చిన్న గడ్డ ఉందనీ, మొదట్లోనే దొరికిందనీ, కోసి తీసేస్తే మందులు కూడా అక్కర్లేకపోవచ్చనీ డాక్టర్ ఫణీంద్ర స్కాన్ చూపిస్తూ చెబుతుంటే, ఎవరిదో కేసు వింటున్నట్టు తలూపింది. పక్కన కూర్చున్న భర్త విద్యాసాగరే ప్రతి మాటా రెండోసారి చెప్పించుకున్నాడు. ఆవిడ ముఖం మారింది ఆ తర్వాతి మాటకి.

"లోపలి కుట్టు మానేదాకా మూడు నెలలు మలం పోవడానికి పొట్టమీద సంచి ఉంటుంది సిస్టర్. తర్వాత రెండో ఆపరేషన్ చేసి పేగుని మళ్లీ కలిపేస్తాం."

"రెండోసారి లోపలికి వెళ్లాలా?" అంది హైమవతి.

"తప్పదు."

ఆవిడ చీర కొంగు చేతికి చుట్టుకుని కిటికీవైపు తిరిగింది. హైదర్‌గూడ రోడ్డు మీద బస్సులు పోతున్నాయి.

నారాయణగూడలో ఓ నర్సింగ్‌హోమ్‌లో ముప్పై ఒక్క ఏళ్లు ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌గా చేసి, రెండేళ్ల కిందట రిటైరైన మనిషి ఆవిడ. పొట్ట కోసి కుట్టాక ఏం జరుగుతుందో ఆవిడకి తెలిసినంతగా చాలామందికి తెలియదు. పైన గాయం గీతలా మానిపోతుంది. ఇంటికెళ్లిన మనిషి ఆ గీత చూసుకుని అంతా అయిపోయిందనుకుంటాడు. లోపల మాత్రం, చెయ్యి తగిలిన చోట, నెత్తురు అంటిన చోట, పేగులు ఒకదానికొకటి అతుక్కోవడం మొదలుపెడతాయి. ముందు సాలెపురుగు దారాల్లా ఉంటాయి ఆ అతుకులు. కొందరిలో అలాగే ఉండిపోతాయి, వాళ్లకేమీ కాదు. కొందరిలో తోలుపట్టీల్లా గట్టిపడతాయి. ఎప్పుడో ఏళ్ల తర్వాత పేగు ఆ పట్టీ కింద ఇరుక్కుని దారి మూసుకుపోతుంది. విడదీయాలంటే మళ్లీ కొయ్యాలి. కోస్తే మళ్లీ అతుకులు.

అలాంటి పొట్టలు ఆవిడ ఎన్నో చూసింది. ముషీరాబాద్ నుంచి వచ్చే ఒక టైలరైతే ఆరేళ్లలో మూడుసార్లు అదే బల్లమీద పడుకున్నాడు. మూడోసారి పెద్ద సర్జన్ అయిదు గంటలు నిలబడి, ఒక్కో అంగుళం విడదీస్తూ, మధ్యలో కత్తెర కింద పెట్టి, "ఇవి పేగులు కావు సిస్టర్, సిమెంటు" అన్నాడు. ఆ రోజు పేగు రెండు చోట్ల చిరిగింది. ఆ టైలర్ బతికాడు, కానీ మళ్లీ మిషను తొక్కలేదు.

హైమవతికి పన్నెండేళ్ల కిందట గర్భసంచి తీసేశారు. అంటే లోపల పాత అతుకులు ఎలాగూ ఉండి ఉంటాయి. ఇప్పుడొకటి, మూడు నెలలకి ఇంకొకటి. గడ్డ సంగతి ఆవిడకి గుర్తు కూడా లేదు. టైలర్ ముఖమే కళ్లముందు ఉంది.

ఫణీంద్ర ఆవిడ మనసు కనిపెట్టాడు. ఇరవై ఏళ్ల కిందట, హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, ఆ నర్సింగ్‌హోమ్‌కి డ్యూటీకి వచ్చేవాడు. గ్లౌజుల పౌడర్ కడుక్కోకుండా పొట్టలో చెయ్యి పెట్టబోతే, "ముందు కడుగు బాబూ, ఆ పౌడర్ పడ్డచోటల్లా పేగులు అంటుకుంటాయి" అని అందరిముందూ చేతులు కడిగించిన సిస్టర్ ఈవిడే.

"ఇక్కడ ఒక పరిశోధన నడుస్తోంది సిస్టర్," అన్నాడు. "అతుకులు పడకుండా చూసే మందు. పొట్ట మూసేముందు లోపల పోస్తాం, తర్వాత అయిదు రోజులు ఇంజెక్షన్ ఇస్తాం. మీలాగా రెండో ఆపరేషన్ తప్పనిసరైన వాళ్లనే తీసుకుంటున్నాం. ఆ రెండోసారి కెమెరా పెట్టి లోపల ఎలా ఉందో చూడొచ్చు కదా, అందుకని."

"నాకు ఇవ్వండి అయితే."

"అందరికీ మందు ఇవ్వం. సగం మందికి మందు, సగం మందికి ఉత్త సెలైన్. ఎవరికేదో కంప్యూటర్ తేలుస్తుంది. నాకూ తెలియదు."

హైమవతి నిటారుగా కూర్చుంది. "ఏం మందో తెలియని సీసా ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా పేషెంటు పొట్టలో పొయ్యనివ్వలేదు నేను. మీకు తెలుసు."

"తెలుసు. ఇంటికి తీసుకెళ్లి చదవండి. వద్దంటే నేను చేసే ఆపరేషన్‌లో ఏ తేడా ఉండదు."

పదకొండు పేజీల కాగితాలు చేతిలో పెట్టాడు.

చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో, రెండో అంతస్తులో వాళ్ల ఇల్లు. హైమవతి వాళ్ల నాన్న తెనాలి నుంచి ఉద్యోగానికొచ్చి ఆ సందులోనే అద్దెకుండేవాడు. ఎదురింటి విద్యాసాగర్‌ది తాతలనాటి నుంచి అదే వీధి. ఎదురింటి చూపులు పెళ్లిదాకా వెళ్లడం, రెండిళ్లవాళ్లూ ఏడాదిపాటు మాట్లాడుకోకపోవడం పాత కథ. ఇప్పటికీ ఆవిడ "ఏంటి" అంటే ఆయన "ఏంది" అంటాడు.

విద్యాసాగర్ అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లకి భూగోళం చెబుతాడు. నదులు, వానలు, నేలలు ఆయన నోట్లో ఉంటాయి. ఆ సాయంత్రం క్లాసు ఎగ్గొట్టి కాగితాలన్నీ రెండుసార్లు చదివాడు.

"ఇదేం లెక్క హైమా? ప్రశ్న ఇచ్చుడు, జవాబు దాచిపెట్టుడు. కీ ఎప్పుడిస్తరట?"

"అందరి పరీక్షా అయిపోయాక. ఏడాది పట్టొచ్చంట."

"అంతదాంక నీ కడుపుల ఏం పోసిన్రో మనకు తెల్వదు!"

"ఎనిమిదో పేజీ చూశారా? మందు వల్ల కుట్టు మానడం ఆలస్యం కావచ్చని రాశారు. అంటే మందు దొరకడమే అదృష్టం అనుకోడానికీ లేదు." ఆవిడ ఎర్రపెన్నుతో ఆ లైను కింద గీత గీసింది. "నేను ఆలోచించేది అది కాదు. గ్లౌజులు కడగండి, పేగులు ఆరనివ్వకండి, తడి గుడ్డ కప్పండి అని అరిచీ అరిచీ నా గొంతు పోయింది. అంతకుమించి మా చేతిలో ఏమీ ఉండేది కాదు. ఇప్పుడెవరో మందు కనిపెడుతున్నారు. నాలాంటిదే వద్దంటే ఇంకెవరు ఒప్పుకుంటారు?"

"అయితే చేస్తవన్నట్టు."

"భయంగానే ఉందండీ," అంది. ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఫిబ్రవరిలో ఆపరేషన్. ముందురోజు చేరమన్నారు. ఆపరేషన్‌కి ముందు ఉంచే గదిలో ఆవిడ పక్క మంచం బుగ్గయ్యది. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర ఉంటాడు, ఆటో నడుపుతాడు, నలభై ఆరేళ్లు. అదే జబ్బు, అదే ఆపరేషన్. చిన్నప్పుడు అపెండిక్స్ పగిలి పొట్ట కోసిన పాత గీత ఒకటి ఉంది. భార్య ఎంకమ్మ రెండు దుప్పట్లు, ఒక స్టీలు చెంబు, నాలుగు దేవుళ్ల ఫోటోలు తెచ్చి మంచం చుట్టూ సర్దింది. అతను కూడా పరిశోధన కాగితాల మీద సంతకం పెట్టాడు.

"చదివావా బుగ్గయ్యా?" అంది హైమవతి.

"మా తమ్మునితోని చదివిపించిన అక్కా. సగం సమజైంది, సగం కాలే. డాక్టర్ సార్ మంచిగ చెప్పిండు. నా అసొంటోళ్లకు ముందుముందు పనికొస్తదంటే పెట్టిన."

పొద్దున ఏడింటికి రచన వచ్చింది. పరిశోధన పనులన్నీ చూసే అమ్మాయి, ఒకప్పుడు హైమవతి దగ్గర ట్రైనింగ్ చేసిన నర్సే. చేతిలో రెండు తెల్లటి అట్టపెట్టెలు. ఒకదాని మీద పదిహేడు, ఇంకోదాని మీద పద్దెనిమిది. చేతి పట్టీల మీద నంబర్లు సరిచూసుకుంది. హైమవతిది పదిహేడు. బుగ్గయ్య బాత్రూమ్‌కి వెళ్లాడు. ఇంతలో థియేటర్ నుంచి ఎవరో కేకేశారు.

"ఒక్క నిమిషం మేడమ్, ఇప్పుడే వస్త," అని పెట్టెలు బల్లమీద వదిలి పరిగెత్తింది.

గదిలో భార్యాభర్తలు ఇద్దరే మిగిలారు.

విద్యాసాగర్ పెట్టెలవైపు చూశాడు. తలుపువైపు చూశాడు. మళ్లీ పెట్టెలవైపు చూశాడు.

"హైమా," అన్నాడు గొంతు తగ్గించి. "ముప్పై ఏండ్లు సెలైన్ సీసలు పట్టుకున్నవు. చేతిలకు తీసుకుంటే నీకు తెల్వదా?"

తెలుస్తుందనే అనిపించింది ఆవిడకి. మందులో ఏదో కలిసి ఉంటే కాస్త చిక్కగా ఉండాలి. సీసా వంచితే బుడగ పైకి పోవడంలో తేడా కనిపెట్టగలదు తను. అట్టపెట్టెకి ఉన్నది ఒట్టి టేపు. అరనిమిషం పని. తన అరచేతులు ఆ పనికోసం లాగుతున్నట్టు అనిపించి, వాటిని దుప్పటి కింద పెట్టుకుంది.

అప్పటికే ఆయన పద్దెనిమిదో పెట్టె చేతిలోకి తీసుకుని చెవిదగ్గర పెట్టి ఊపుతున్నాడు.

"అక్కడ పెట్టండి."

"ఇద్దరిదీ ఒకటే ఆపరేషన్. స్టిక్కర్ మార్చుడు ఎంతసేపు? నువ్వు జర చూసి చెప్పు…"

"అది ఎవరిదో తెలుసా మీకు?"

"బుగ్గయ్యది."

"వాళ్లావిడ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. వెళ్లి ఆవిణ్ణి అడిగి మార్చండి."

ఆయన చెయ్యి గాలిలోనే ఆగింది. మెల్లగా పెట్టెని దించి, మునుపున్న చోటే, అంగుళం తేడా లేకుండా పెట్టాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. హైమవతి గొంతెత్తి రచనను పిలిచింది. ఆ పిలుపుకి పాత రోజులు గుర్తొచ్చి ఆ పిల్ల వరండా ఆ చివర నుంచి పరిగెత్తుకొచ్చింది.

"పేషెంట్ల దగ్గర పెట్టెలు వదిలి వెళ్తావా? ఇదేనా నేను నేర్పింది?"

"సారీ మేడమ్. ఇంకోసారి కాదు."

"నువ్వు వచ్చేదాకా వాటిని ఎవరూ విప్పలేదు. టేపు చూసుకో."

రచన రెండు పెట్టెలూ తిప్పి తిప్పి చూసింది, టేపు ఎక్కడా చెదరలేదు. గుండెలకి హత్తుకుని తీసుకుపోయింది.

మొదటి ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. గడ్డ మొత్తం వచ్చేసింది. "పాత అతుకులు విడదియ్యడానికే గంటన్నర పట్టింది సిస్టర్, మీ గర్భసంచి ఆపరేషన్ పుణ్యమా అని," అన్నాడు ఫణీంద్ర. కుట్టు లీకవ్వలేదు. పది రోజులకి రిపోర్టు వచ్చింది. జబ్బు పేగు దాటి ఎక్కడికీ పోలేదు, కీమో అక్కర్లేదు. ఆ కాగితం పట్టుకుని విద్యాసాగర్ మెట్లమీదే కూర్చుండిపోయాడు.

బుగ్గయ్యకీ మంచి రిపోర్టే వచ్చింది. కానీ సంచి అతన్ని బాగా పరేషాన్ చేసింది. సరిగా అంటుకోక కారిపోయేది, చర్మం ఒరిసిపోయేది. నలుగురిలోకి పోవడానికి సిగ్గుపడి ఆటో తియ్యడం మానేశాడు. సంగతి తెలిసి హైమవతి కబురుచేసింది. చిక్కడపల్లి వచ్చి మొహమాటంగా తలుపుదగ్గర నిలబడితే, లోపలికి లాక్కెళ్లినంత పని చేసి, కొలత ప్రకారం ఎలా కత్తిరించాలో, చర్మాన్ని ఎలా ఆరబెట్టాలో, సంచి సగం నిండగానే ఎందుకు ఖాళీ చెయ్యాలో తన సంచి చూపించి మరీ నేర్పింది.

"నీకు సిగ్గేమిటి, నాకు లేనిది? నాదీ అదేగా," అంది.

పది రోజుల్లో అతను ఖాకీ చొక్కా కింద సంచి పెట్టుకుని ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా సవారీలు వేశాడు. దారిలో ఎదురైతే ఆటో ఆపి, "అక్కా, నిన్న పొద్దంత ఒక్క చుక్క కారలే!" అని పరీక్ష పాసైనవాడిలా చెప్పేవాడు.

మే నెలలో రెండో ఆపరేషన్ రోజు వచ్చింది. ఇద్దరికీ మళ్లీ ఒకే రోజు ఇచ్చారు, ముందు హైమవతి, తర్వాత బుగ్గయ్య. బల్లమీద పడుకుని పైనున్న దీపాలకేసి చూస్తే ఆవిడకి మళ్లీ టైలర్ గుర్తొచ్చాడు. మత్తు డాక్టర్ అంకెలు లెక్కపెట్టమంది. ఆవిడ థియేటర్ అలవాటు ప్రకారం కత్తెరలు లెక్కపెడుతూ నిద్రలోకి జారింది.

కళ్లు తెరిచేసరికి గోడ గడియారం పదీ పావు చూపిస్తోంది. తొమ్మిదింటికి కదా తీసుకెళ్లింది, చెయ్యలేక మూసేశారేమో అనుకుంది. పొట్ట తడుముకుంది. సంచి ఉండే చోట దూది పట్టీ ఉంది. సంచి లేదు.

"సిస్టర్, ఎంతసేపు చేశారు?" అని పక్కనున్న నర్సుని అడిగింది, నాలుక మొద్దుబారి ఉండగానే.

"యాభై నిమిషాలమ్మా."

"అబద్ధం చెప్పకు."

"అబద్ధం ఎందుకు చెప్తానమ్మా, నేనే రాశాను టైము."

హైమవతి కళ్లు మూసుకుంది. చెవుల్లోకి వెచ్చగా కారుతుంటే గానీ తను ఏడుస్తోందని తెలియలేదు. ఫిబ్రవరి నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలినట్టైంది.

సాయంత్రం ఫణీంద్ర ఫోన్‌లో వీడియో తెచ్చాడు. దిండుకి ఆనుకుని కూర్చుని ఆవిడ తన పొట్ట లోపల చూసుకుంది. పేగులు గులాబీ రంగులో, నీళ్లలో కడిగినట్టు తళతళలాడుతూ ఒకదాని మీంచి ఒకటి జారుతున్నాయి. పరికరం కొనతో కదిపితే కదిలాయి, వదిలితే సర్దుకున్నాయి. పాత కోతకింద రెండు సన్నటి పోగులు, అంతే. విద్యాసాగర్ అర్థం కాక ఆవిడ ముఖంలోకి చూస్తున్నాడు.

"మంచిగున్నదా హైమా?"

"ఎంత బావుందో మీకెలా చెప్పను! ముప్పై ఏళ్లలో మళ్లీ తెరిచిన పొట్ట ఇంత శుభ్రంగా ఉండగా నేను చూడలేదు." ఆవిడ వీడియో మళ్లీ మొదటినుంచి పెట్టించుకుంది. అది ముగిసేటప్పుడు గుర్తొచ్చి అడిగింది. "బుగ్గయ్యది?"

ఫణీంద్ర ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "మూడున్నర గంటలు పట్టింది. చాలా గట్టి అతుకులు సిస్టర్. ఒకచోట పేగు చిరిగితే కుట్టాం. బానే ఉన్నాడు, చూడాలి."

హైమవతి మళ్లీ వీడియో అడగలేదు.

పొట్ట కోసినవాడికి పేగులు మళ్లీ కదలడమే పెద్ద పరీక్ష. గాలి పోవాలి. అది పోయేదాకా నోటికి ఏమీ ఇవ్వరు. హైమవతికి రెండో రోజే పోయింది, మూడో రోజు జావ తాగింది, అయిదో రోజు ఇంటికెళ్లమన్నారు. బుగ్గయ్యకి అయిదో రోజుకీ కదలిక లేదు. పొట్ట ఉబ్బి బిగిసిపోయింది. ముక్కులోంచి గొట్టం వేశారు. గోడవైపు తిరిగి పడుకుని ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఎంకమ్మ మంచం పట్టెమీద తలపెట్టుకుని ఏడుస్తోంది.

హైమవతి సామాను సర్దుతున్న భర్తతో, "మీరు సంచులు ఇంట్లో పెట్టి రండి. నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. వచ్చేటప్పుడు చూయింగ్ గమ్ తెండి," అంది.

"ఏంది?"

"చూయింగ్ గమ్. నములుతుంటే తిండి వస్తోందనుకుని పేగులు కదులుతాయి. డాక్టర్ గారిని అడిగాను, సరే అన్నారు."

అరవై ఏళ్ల భూగోళం మాస్టారు అశోక్ నగర్ పాన్‌డబ్బాల దగ్గర నిలబడి, తన విద్యార్థులు చూస్తుండగా, "ఏ వాసనదైతే జల్ది పనిచేస్తదిరా?" అని అడిగి, అన్ని రకాలూ కొనుక్కొచ్చాడు.

ఆవిడ బుగ్గయ్య పక్కన కుర్చీ వేసుకుంది. "లే. కూర్చో."

"నాతోని కాదక్కా. నా లోపట అంత ఖరాబైందంట కదా."

"ఖరాబైందాన్ని డాక్టరు బాగుచేశాడు. ఇప్పుడు నీ పని నువ్వు చెయ్యాలి. పడుకున్న మనిషికి పేగులు కూడా పడుకుంటాయి. ఎంకమ్మా, ఆ పక్క పట్టుకో."

ఇద్దరూ చెరోపక్క పట్టుకుని నిలబెట్టారు. వరండా ఆ చివరికి, ఈ చివరికి. తన గాయమూ పచ్చిగానే ఉంది, అడుగు తీసి అడుగు వెయ్యడం ఆవిడకీ కష్టంగానే ఉంది, అయినా లెక్కపెట్టింది. పొద్దున నాలుగుసార్లు, మధ్యాహ్నం నాలుగుసార్లు. మధ్యలో అతను చూయింగ్ గమ్ నమిలాడు. మర్నాడు విద్యాసాగర్ ఆటో మాట్లాడి ఆవిణ్ణి మళ్లీ తీసుకొచ్చాడు. మళ్లీ వరండా. ఫణీంద్ర వచ్చి పొట్టమీద స్టెతస్కోపు పెట్టి, ఏదో సన్నగా వినిపిస్తోందన్నాడు, ఇంకా ఒకరోజు చూద్దామన్నాడు.

ఏడో రోజు మధ్యాహ్నం, మూడో తిరుగుడులో, వరండా మధ్యలో బుగ్గయ్య గబుక్కున ఆగిపోయాడు. ముఖం చిట్లించాడు. ఎంకమ్మ బెదిరిపోయి, "ఏమైందయ్యా?" అంది. అప్పుడు వినిపించింది. అటూఇటూ మంచాలమీద ఉన్నవాళ్లందరికీ వినిపించింది. వరండా చివర మందులబండి దగ్గరున్న నర్సు కూడా తల తిప్పి చూసింది.

బుగ్గయ్య సిగ్గుతో ఎర్రబడి హైమవతివైపు చూశాడు.

"ఇంకొకటి రానివ్వు!" అని అరిచింది హైమవతి.

వచ్చింది. ఎంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వబోయి ఏడ్చేసింది. ఎవరో చప్పట్లు కొట్టారు. విద్యాసాగర్ బుగ్గయ్య భుజం తడుతూ, "శభాష్ బిడ్డా, శభాష్," అంటుంటే ఆయన కళ్లద్దాలు మసకబారాయి. ఆ సాయంత్రం ముక్కు గొట్టం తీసేశారు. మర్నాడు అతను మూడు చెంచాల జావ తాగి, ఇంత రుచి ఎన్నడూ చూడలేదన్నాడు.

పరిశోధన ముగిసి కీ విడుదలవడానికి ఏడాది దాటింది. వానలు మొదలైన ఒక ఉదయం రచన ఫోన్ చేసి ఇద్దరినీ రమ్మంది. ఇద్దరూ ఒకేసారి తెలుసుకుంటామని ముందే చెప్పి ఉంచారు. బుగ్గయ్య తన ఆటోలోనే భార్యాభర్తలను ఎక్కించుకుని హైదర్‌గూడ తీసుకెళ్లాడు. అక్కడ ఫణీంద్ర, రచన ఎదురుచూస్తున్నారు.

"మీ పదిహేడు మందు మేడమ్," అంది రచన. తర్వాత కాస్త తటపటాయించి, "పద్దెనిమిది సెలైన్."

విద్యాసాగర్ ముఖం తెల్లబోయింది. ఆ పొద్దున ఊపి చూసిన పెట్టె ఇదే. చటుక్కున మార్చేసి ఉంటే? ఆయన కుర్చీలో కదిలి, "బుగ్గయ్యా, నేను నీకో మాట చెప్పాలె," అని మొదలుపెట్టి, ఆ రోజు సంగతంతా దాచకుండా చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ తల దించుకునే ఉన్నాడు.

బుగ్గయ్య విన్నాడు. గడ్డం గోక్కున్నాడు.

"మారుస్తే నాకు మందు దొరుకుతుండెనన్నట్టు!" అన్నాడు. "నువ్వు మార్చకపోతివి, నాకు లుక్సాన్ అయింది సార్."

అతని మూతి వంకర తిరగడం చూసి ముందు హైమవతి నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు.

"నిజంగా కోపం లేదా నీకు?" అని అడిగింది ఆవిడ.

"కోపమెందుకక్కా? నాకు ఉప్పునీళ్లు పోసిన్రు కాబట్టే కదా, నీకు పోసింది పనిచేసిందని ఎరికైంది. ఏం సార్, అంతే కదా?"

"అంతే," అన్నాడు ఫణీంద్ర. "కాకపోతే మీ ఇద్దరితోనే తేల్చలేం. ఇక్కడ ముప్పై ఆరుగురు, ఇంకో మూడు ఊళ్లలో ఉన్నవాళ్లు, అందరి లెక్కలూ చూడాలి. ఇప్పటికైతే మందు తీసుకున్నవాళ్లలో అతుకులు తక్కువే కనిపిస్తున్నాయి. కుట్టు లీకులు ఎక్కువ కాలేదు." బుగ్గయ్యవైపు తిరిగి, "నీకు మళ్లీ ఎప్పుడైనా పొట్ట కొయ్యాల్సివస్తే, అప్పటికి ఈ మందు చేతికొస్తే, అందరికంటే ముందు నీకే పోస్తాను," అన్నాడు.

"వద్దు సార్, కొయ్యకుండ చూడుండ్రి. మందు ఇంకెవలికన్న పొయ్యుండ్రి."

బయటికొచ్చేసరికి వాన వెలిసింది. బుగ్గయ్య ఆటోని నారాయణగూడ వైపు తిప్పి, ఆకలైతుందంటూ ఒక టిఫిన్ సెంటర్ ముందు ఆపాడు. ముగ్గురూ నిలబడి వేడి వేడి వడలు తిన్నారు. అతను రెండో ప్లేటు చెప్పి, మూడోది చెప్పబోతే హైమవతి కళ్లెర్రజేసింది. క్లాసుకు టైమైందని గుర్తొచ్చి విద్యాసాగర్ గబగబా తింటూ చట్నీ చొక్కామీద ఒలకబోసుకున్నాడు.

"ఇప్పుడు పిల్లలకు ఏం చెప్తవు సార్, గోదావరి చెప్తవా, చట్నీ చెప్తవా?" అన్నాడు బుగ్గయ్య.

హైమవతికి నవ్వు ఆగలేదు. నవ్వొచ్చినా దగ్గొచ్చినా కుట్టుమీద చెయ్యి అదిమిపెట్టుకోవడం ఏడాదిగా అలవాటైపోయింది. అలాగే చెయ్యి పొట్టమీదికి వెళ్లింది. ఎక్కడా ఏ లాగుడూ లేదు. చెయ్యి తీసేసి, ఎదుటి బల్ల పట్టుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది.